మత్తు మానినవారి వేసవి

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు మమ్ములను "తాగుడు వల్ల నష్టాలు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ విషయం మీద ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. తాగనివారు విని తలలూపుతారు. తాగేవారు ఆ రోజు సభకే రారు. కనుక అధ్యక్షులవారి అనుమతితో విషయాన్ని కొద్దిగా మార్చుకున్నాము. తాగుడు మానివేసినవారిని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము. అందులోనూ, మానినవాడు మన మెట్ట ప్రాంతపు వేసవిని జారిపడకుండా, ఏడుపు ముఖంతో కాకుండా, నలుగురితో కలిసి సంతోషంగా ఎట్లా గడపగలడు అన్నదే ఈనాటి మా విషయం.

"మానేశాడు కదా, ఇంక గొడవేముంది?" అని మీరు అడగవచ్చును. గొడవంతా అక్కడినుంచే మొదలవుతుంది. మానడం ఒక రోజు పని. మాని ఉండటం రోజూ చేయవలసిన పని. మొదటిదానికి మనం అందరం చప్పట్లు కొడతాము. రెండోదానికి వచ్చేసరికి అతనిని ఒంటరిగా వదిలేస్తాము.

వేసవి అనే ఎందుకన్నామో చెబుతాము. ఈ నడుమ రంజాన్ నెల చలికాలపు చివరకు వచ్చి చేరింది. 2024లో ఈద్ ఏప్రిల్ 11న వచ్చింది. 2025లో మార్చి 31న వచ్చింది. చాంద్రమాసాలు కనుక ఏటికి పది పదకొండు రోజులు వెనక్కు జరుగుతూ ఉంటుంది. మనలో తాగే అలవాటున్నవారు చాలామంది రంజాన్ నెల రాగానే మానేస్తారు. ముప్పై రోజులు ముట్టరు. ఈద్ నమాజు చదివి, అలాయి బలాయి తీసుకుని, సేమ్యా తాగి ఇంటికి వచ్చేసరికి బయట ఏముంటుంది? మండు వేసవి. రంజాన్‌లో మాని, నిజంగానే ఇక ముట్టకూడదని నియ్యత్ చేసుకున్నవాడు, ఆ తడి ఆరకముందే అన్నిటికన్నా కష్టమైన కాలంలోకి అడుగు పెడుతున్నాడన్నమాట.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. హిందూ సోదరులలో అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజులు మందు వాసన కూడా చూడరు. మాల తీసిన వారానికి కొందరు మళ్ళీ పాత చోటనే కనిపిస్తారు. ముప్పై రోజులు, నలభై రోజులు ఉండగలిగినవాడు తరువాత ఎందుకు ఉండలేకపోతున్నాడు? దేవుని భయం తగ్గిందని పెద్దలంటారు. ఆ మాటను మేము కాదనము. కాని ఇంకొక కారణం కూడా ఉన్నది. రంజాన్‌లో మనిషి రోజుకు ఒక కట్టుబాటు ఉంటుంది. సహ్రీకి లేవాలి, ఇఫ్తారుకు ఇంటికి చేరాలి, ఇషా తరువాత తరావీహ్‌కు నిలబడాలి. ప్రతి గంటకూ ఒక పని, ప్రతి పనికీ పక్కన ఒక మనిషి. మాల వేసుకున్నవారికీ అంతే. తెల్లవారుజామున స్నానం, సాయంత్రం భజన, చుట్టూ తోటి స్వాములు. నెల గడవగానే ఆ కట్టుబాటు పోతుంది, ఆ తోడూ పోతుంది. సాయంత్రం ఆరు గంటలు మాత్రం రోజూ వస్తూనే ఉంటుంది. మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. ఆ కట్టుబాటునూ ఆ తోడునూ ఈద్‌తో ముగించక, వేసవి పొడుగునా సాగనివ్వాలి.

మన వేసవి ఎటువంటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు. పాత కృష్ణా జిల్లాలో డెల్టావారికి కాలువ గట్టు చెట్ల నీడ ఉంటుంది. మనకు సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు, నల్లరేగడి. 2022 ఏప్రిల్‌లో మన ప్రాంతం ఎన్.టి.ఆర్. జిల్లాలోకి మారింది గాని ఎండ మారలేదు. ఎండాకాలపు వార్తల్లో నందిగామ పేరు తరచుగా వినపడుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలన్నది మన ఊళ్ళు చూసే అన్నారేమో.

ఈ కాలంలో మానినవానికి నాలుగు వైపుల నుంచీ పోటు వస్తుంది. మొదటిది చేతిలో డబ్బు. మిర్చి, పత్తి అమ్మకాలు అయి ఉంటాయి. మామిడి తోటలు గుత్తకు పట్టినవారికి రోజూ డబ్బు ఆడుతుంది. రెండవది ఖాళీ. పగలు పదకొండు నుంచి నాలుగు వరకు మేస్త్రీ పని ఆగుతుంది, వెల్డింగు షాపు మూతపడుతుంది, లారీ నీడన నిలబడుతుంది. మూడవది పెండ్లిళ్ళు. పిల్లలకు సెలవులు కాబట్టి నికాహ్‌లన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకుంటాము. నాలుగవది, తాగితే చలవ చేస్తుందనే మాట. బీరు చలవ, కల్లు చలవ అని చెప్పి ఎండలో అలిసినవానికి ఒక సీసా చేతికిస్తారు.

ఈ నాలుగవదాని సంగతి ముందు తేల్చుకుందాము. మన మెదడులో నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను వస్తుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలను నీరు పోనీయవద్దని ఆపేది అదే. ఆల్కహాలు ఆ హార్మోనును అణుస్తుంది. అందుచేత తాగినవానికి మూత్రం ఎక్కువై, చెమటతో పోయింది చాలక ఆ దారిన కూడా నీరు పోతుంది. చర్మం కింది రక్తనాళాలు వెడల్పై క్షణకాలం హాయిగా ఉన్నట్టు తోస్తుంది. అదే సమయంలో, ఇది ఎండ, నీడకు పోవాలి అనే తెలివి మందగిస్తుంది. వడదెబ్బకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇంకొకటి లేదు. మద్యం ఎంత కొద్దిగా తాగినా ఆరోగ్యానికి క్షేమమని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. కనుక చలవ అనే మాట వట్టిది.

ఇక మన సంఘపు సంగతి. మేము ఉర్దూ చెప్పే పంతుళ్ళము కనుక ఒక మాట అర్థం చెబుతాము. మత్తు పానీయానికి అరబ్బీలో ఖమ్ర్ అంటారు. కప్పివేయడం అనే ధాతువు నుంచి ఆ మాట పుట్టింది. తల మీది ముసుగుకు ఖిమార్ అనే పేరు కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. బుద్ధిని కప్పేది కనుక ఖమ్ర్ అయింది. ఖుర్‌ఆన్‌లో నిషేధం ఒక్కసారిగా రాలేదని మౌల్వీ సాబులు మనకు చెబుతూనే ఉంటారు. దాని లాభం కన్నా పాపం పెద్దదని మొదట, మత్తులో నమాజుకు రావద్దని తరువాత, పూర్తిగా వదలమని చివరకు, మూడు మెట్లలో వచ్చింది. అలవాటు పడిన మనుషులను మార్చడానికి అంత ఓపిక అవసరమైంది. ఆ ఓపిక మనలో ఎంతవరకు ఉన్నదో ఆలోచించవలసి యున్నది.

మనలో తాగుడు హరామ్ కనుక, తాగేవాడు ఉన్నాడని ఒప్పుకోవడమే మనకు నామోషీ. బుద్ధిని మద్యం కప్పుతుంది, ఆ మనిషిని మనం కప్పుతాము. ఇంట్లోవారు "షుగరు వల్ల నీరసం" అంటారు. పక్కవారికి తెలిసి కూడా తెలియనట్టుంటారు. అతను మానినప్పుడు ఆ మానిన సంగతి కూడా ఎవరికీ చెప్పలేడు. చెబితే తాగినట్టు ఒప్పుకున్నట్టవుతుంది కదా! అందువల్ల తాగేవానికి పదిమంది స్నేహితులుంటే, మానినవానికి ఒక్కడూ ఉండడు. ఢిల్లీ ఎయిమ్స్ వారు కేంద్ర ప్రభుత్వం తరఫున చేసి 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం, మన దేశంలో 10 నుంచి 75 ఏండ్ల లోపువారిలో నూటికి 14.6 మంది, అనగా దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. 5.7 కోట్ల మందికి పైగా సహాయం అవసరమైన స్థితిలో ఉన్నారు. పూర్తిగా బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతున్నది. మిగిలిన 37 మందినీ ఆపింది ఖర్చు, దూరం, సిగ్గు. మొదటి రెండిటి సంగతి ఎట్లా ఉన్నా మూడవది మన చేతిలో పని.

దుకాణాలు మూయిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. మన రాష్ట్రం ఆ దారి కూడా నడిచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో చదువుకుంటున్న ఆడవారు, తాగుబోతు భర్త గల స్త్రీ కథను పాఠంగా చదివి, ఇది మా ఇంటి కథే కదా అనుకుని సారా దుకాణం మీదికి కదిలారు. వర్ధినేని రోశమ్మగారి పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో దానిని ఎత్తివేశారు. ఒక వాచకంలోని పాఠం ప్రభుత్వాన్ని కదిలించిందంటే పంతుళ్ళమైన మాకు ఎంతో గర్వంగా ఉంటుంది. తరువాత 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి, 2020లో ధరలు బాగా పెరిగాయి. అప్పుడు జగ్గయ్యపేట దగ్గర సరిహద్దు దాటి తెలంగాణ సరుకు ఎట్లా వచ్చిందో ఈ సభలో ఉన్నవారందరికీ తెలుసు. 2024 అక్టోబరు నుంచి తిరిగి ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. 99 రూపాయల క్వార్టరు సీసా వచ్చింది. చట్టం రావచ్చు, పోవచ్చు. మానినవాడు అంతవరకు ఆగలేడు. అతనికి ఈ సాయంత్రం గడవాలి.

సాయంత్రం ఎట్లా గడుస్తుందో తెలియాలంటే తాగాలనే కోరిక ఎట్లా పనిచేస్తుందో తెలియాలి. అది ఒక్కసారి మొదలైతే తాగేదాకా పెరుగుతూనే ఉంటుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. కోరిక అలవంటిది. లేస్తుంది, ఎత్తుకు పోతుంది, విరిగి తగ్గుతుంది. సాధారణంగా అరగంట లోపే సన్నగిల్లుతుంది. అలాన్ మార్లాట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని రోగులకు నేర్పాడు. అలతో కుస్తీ పట్టవద్దు, దాని మీద తేలుతూ అది పోయేదాకా చూడమన్నాడు. ఉపవాసం ఉన్నవారికి ఇది కొత్త సంగతి కాదు. మధ్యాహ్నం రెండు గంటలకు కడుపు నకనకలాడినా, మూడు గంటలకు ఆ బాధ అంతగా ఉండదు. ఉపవాసంలో నేర్చిన ఈ విద్యను మానినవాడు వేసవి సాయంత్రానికి వాడుకోవచ్చును.

ఆ కోరిక ఎప్పుడు లేస్తుంది? 1935లో అమెరికాలో ఇద్దరు మానదలచిన తాగుబోతులు, ఒక షేరు వ్యాపారి, ఒక డాక్టరు, ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. 1957 నుంచి మన దేశంలోనూ ఉన్నది. వారిలో ఒక మాట ప్రచారంలో ఉన్నది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగు ఉన్నప్పుడు జాగ్రత్త అంటారు. మన ప్రాంతానికి అయిదవది కలపాలని మా మనవి. అది దప్పిక. ఒంటికి నీరు కావలసినప్పుడు, పాత అలవాటు ప్రకారం మనసు దానిని మందుగా అర్థం చేసుకుంటుంది. కోరిక లేచిందా, ముందు రెండు గ్లాసుల మజ్జిగ తాగు, ఏదైనా తిను, ఒక మనిషి పక్కకు పోయి కూర్చో. సగం బాధ అక్కడనే తీరుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. మానినవాడు వేసవి రోజును ఎట్లా గడపాలి?

తెల్లవారుజామున ఫజర్‌తో రోజు మొదలుపెట్టాలి. మన వేసవిలో చల్లగా ఉండే గంటలు అవే. నమాజు తరువాత మళ్ళీ పడుకోక ఇద్దరు ముగ్గురు కలిసి నడవాలి. నందిగామవారికి మునేరు ఉన్నది. పేటవారికి పాలేరు ఉన్నది. ఇసుకలో నడిచి, గట్టున కూర్చుని రావచ్చు. ఇసుక తవ్విన గుంటల్లో మాత్రం దిగరాదు. తిరిగి వచ్చేటప్పుడు ముంజలు తెచ్చుకోండి. అయితే ఇందులో ఒక చిక్కున్నది. కల్లూ, ముంజలూ వచ్చేది ఒకే తాటి తోపు నుంచి. మానినవాడు పొద్దున్నే తోపులోకి పోరాదు. బజారులోనో, రోడ్డు మీద ఆడవారి గంపలోనో కొనుక్కోవాలి. గీసిన గెలకు కాయ రాదన్న సంగతి మీకు తెలుసు. కల్లు కోసం గీస్తే ముంజలు లేవు. ముంజలు కావాలంటే గెలను గీయకుండా వదలాలి. పిల్లలకు ఈ సంగతి చెబుతూ ముంజలు ఒలిచి పెట్టే తండ్రిని మించినవాడు లేడు.

పగలు ఎండ గంటల్లో ఖాళీగా పడి ఉండరాదు. కాసేపు కునుకు తీయవచ్చు. తరువాత చేతికి ఒక పని ఉండాలి. ఫ్యాను బాగుచేయడం, కుర్చీకి నవారు అల్లడం, పిల్లవానికి ఉర్దూ ఖాయిదా దిద్దించడం, క్యారమ్ ఆడటం, ఏదైనా సరే. తాగడానికి మనకు ఎన్ని లేవు! నిమ్మకాయ నీళ్ళు, సబ్జా గింజల షర్బత్, సుగంధి షర్బత్, కొబ్బరి నీళ్ళు, రాగి అంబలి, మామిడి పన్నా. మన ఇళ్ళల్లో ఎర్రగా కనిపించే రూహ్ అఫ్జా పుట్టింది కూడా ఇందుకే. 1907లో ఢిల్లీలో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్‌గారు ఎండ దెబ్బకు విరుగుడుగా దానిని తయారుచేశారు. మన పెద్దలు వేసవిని చల్లబరచుకోవడానికి మత్తును వెతుక్కోలేదు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఆల్కహాలు లేని బీరని ఇప్పుడు అమ్ముతున్నారు. కొన్నిటిలో అరశాతం దాకా ఉంటుంది. లేకపోయినా ఆ రుచి, ఆ నురగ, ఆ సీసా పాత దారిని గుర్తుచేస్తాయి. దాని జోలికి పోవద్దు. రెండవది, వేసవి నీరసానికని మనం తెచ్చుకునే అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టినవి, వాటిలో ఆల్కహాలు పుడుతుంది. కొన్ని దగ్గు మందులలోనూ ఉంటుంది. మానినవాడు డాక్టరునడిగి గాని ఏదీ పుచ్చుకోరాదు.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు అసలైన పరీక్ష. ఆ మూడు గంటలకు ముందుగానే పేరు పెట్టి ఉంచాలి. సోమవారం వాలీబాల్, మంగళవారం తమ్ముని ఇంటికి, బుధవారం పిల్లలతో కుల్ఫీ, ఈ విధంగా. కూలి చేతికి వచ్చే రోజున మాత్రం ఒంటరిగా బజారుకు పోవద్దు. కొడుకునో కూతురునో వెంట తీసుకుని పోయి, ముందు పుచ్చకాయ కొని, తరువాత సరుకులు కొని, మిగిలినది ఇంట్లో ఇవ్వాలి. పాత స్నేహితులు కూర్చునే చోటు తోవలో ఉంటే తోవ మార్చుకోవాలి. ఇది పిరికితనం కాదు. కాలిన చేతిని పొయ్యి దగ్గరకు తీసుకుపోనివాడిని పిరికివాడని ఎవరంటారు?

రాత్రి నిద్ర ఒక పెద్ద సమస్య. మానిన తరువాత వారాలు, కొందరికి నెలలపాటు నిద్ర సరిగా పట్టదు. పైన ఉక్క, నడుమ కరెంటు కోత. ఒక్క చుక్క వేస్తే పడుకుంటానని మనసు చెప్పే సమయం అదే. డాబా మీద నీళ్ళు చల్లి, నులక మంచాలు వేసుకుని, ఇంటిల్లిపాదీ అక్కడ పడుకోండి. అతనిని వేరే గదిలో ఒంటరిగా పడుకోబెట్టవద్దు. నానమ్మ పిల్లలకు కథ చెబుతుంటే అతనూ వినాలి.

పిల్లల సెలవుల్లో ఒక్కనాడైనా ఇంటిల్లిపాదిని ఎక్కడికైనా తీసుకుపోవాలి. చాలా డబ్బు అక్కరలేదు. జగ్గయ్యపేట పక్కనే ధనంబోడు మీద రెండువేల ఏండ్ల నాటి బౌద్ధ స్తూపం ఉన్నది. మన పిల్లల్లో ఎందరు చూశారు? కొండపల్లి కోట ఉన్నది, కింద బొమ్మలు చేసేవారి ఇళ్ళున్నాయి. ముక్త్యాల దగ్గర కృష్ణ ఒడ్డు ఉన్నది. పొద్దున్నే పోయి ఎండ ముదరకముందే రావచ్చు. ఇదివరకు తండ్రి తోడుగా రాలేదు. వచ్చినా తెలివిలో రాలేదు. తెలివిలో ఉన్న తండ్రితో ఒక రోజు తిరిగిన పిల్లవాడు ఆ రోజును మరచిపోడు. తండ్రీ మరచిపోడు. మానినందుకు తనకు దక్కినదేమిటో అతనికి కంటికి కనపడాలి. ఇవ్వాళ సంతోషమనేది లేనివాడు రేపటి కోసం ఎన్నాళ్ళని ఓర్చుకుంటాడు?

పెండ్లిళ్ళ సంగతి చెప్పక తప్పదు. నికాహ్ మసీదులో, దావత్ షాదీఖానాలో, తరువాత పది గంటలకు కుర్రకారు హైవే పక్క ధాబాకు. ఇది అందరికీ తెలిసి ఎవరూ మాట్లాడని ఏర్పాటు. మానినవాడు పెండ్లికి పోకుండా ఉండలేడు. పోవాలి. కాని కుటుంబంతో పోయి కుటుంబంతో తిరిగి రావాలి. దస్తర్‌ఖాన్ దగ్గర వడ్డించే పని తీసుకోవాలి. చేతిలో బిర్యానీ పళ్ళెం ఉన్నవానికి సీసా ఇవ్వజూపేవాడు ఉండడు. ఎవరైనా బలవంతం చేస్తే "నాకు పడదు భాయ్" అన్న ఒక్క మాట చాలును. కారణాలు చెప్పనవసరం లేదు. పెండ్లివారికి మా విన్నపం. అతిథి మర్యాద పేరుతో మానినవాని చేతికి గ్లాసు ఇవ్వవద్దు. అతను ఎన్ని రాత్రులు కష్టపడి నిలబడ్డాడో మీకు తెలియదు.

ఇంట్లో ఆడవారికి మూడు మాటలు. మొదటిది, రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానితే ప్రమాదం ఉన్నది. చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం మొదలై, రెండు రోజుల లోపు మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజులకు లేనివి కనపడటం, మతి తప్పడం జరగవచ్చు. దానిని గాలి సోకిందని తాయెత్తు కట్టి కూర్చోరాదు. ప్రాణం మీదికి వస్తుంది. మందు కలిపిన కల్లుకు అలవాటుపడినవారికీ ఇంతే. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు అది దొరకక ఎంతమంది ఆసుపత్రుల పాలయ్యారో పత్రికల్లో చదివాము. కనుక రంజాన్‌కు మానదలచినవాడు పది రోజుల ముందే డాక్టరును కలవాలి. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. నందిగామ నుంచైనా, పేట నుంచైనా బస్సెక్కితే పూటలో పోయే దూరమే. పోవడానికి సంకోచమైతే ఫోను ఉన్నది. 14416 టెలీ మానస్, 14446 మత్తు విడుపు సహాయ కేంద్రం. డబ్బు కట్టనక్కరలేదు. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు.

రెండవది, కూరలో కలిపి మాన్పించే పొడులను నమ్మవద్దు. డైసల్ఫిరామ్ అనే మందు ఉన్నది. అది మింగినవాడు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ, రక్తపుపోటు పడిపోవడం జరుగుతాయి. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా పుచ్చుకుంటే అది మందు. తెలియకుండా అన్నంలో కలిపితే విషం. ప్రాణం పోవచ్చు. ఒకవేళ బతికి బయటపడినా, ఇంటి అన్నం మీద నమ్మకం పోయినవాడు ఇంటికి ఎందుకు వస్తాడు?

మూడవది, జేబులు తడమడం, నోరు వాసన చూడటం, పాత సంగతులు పిల్లల ముందు ఎత్తడం మానండి. మీరు పడ్డ బాధ చిన్నది కాదు. ఆ కోపం న్యాయమైనదే. కాని సాయంత్రం ఆరింటికి ఆ కోపం తీర్చుకోవద్దు. ఆ వేళకు ఒక గ్లాసు షర్బత్ చేతికిచ్చి, పొద్దున్న తీరికగా మాట్లాడండి.

ఒకవేళ జారిపడితే? అమెరికా ప్రభుత్వ సంస్థల లెక్క ప్రకారం మత్తు వ్యాధికి చికిత్స పొందినవారిలో నూటికి 40 నుంచి 60 మంది తిరిగి జారుతారు. రక్తపుపోటు, ఉబ్బసం రోగులు మందులు వదిలి తిరిగి జబ్బుపడటమూ ఆ లెక్కలోనే ఉన్నది. బి.పి. పెరిగినవానిని మనం వెలివేయము. డాక్టరు దగ్గరకు తీసుకుపోతాము. ఇతనినీ అట్లాగే చూడాలి. "తౌబా చేసి మళ్ళీ తాగాడు, వీని తౌబా ఇంతే" అని మసీదు మెట్ల మీద అనవద్దు. తౌబా తలుపు మూసే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు. ఒక్క రాత్రి జారినవాడు మరునాడు ఫజర్‌కు లేచి వస్తే, పక్కకు జరిగి సఫ్‌లో చోటివ్వండి.

పంతుళ్ళముగా మాకు కనపడే సంగతి ఒకటి చెప్పి ముగిస్తాము. జూన్ రెండో వారంలో బడి తెరిచి హాజరుపట్టీ చదువుతాము. కొన్ని పేర్లకు జవాబు రాదు. వాకబు చేస్తే, తండ్రి తాగుడులో పడ్డాడు, పిల్లవాడు మెకానిక్ షెడ్డులో చేరాడు, ఆడపిల్ల బీడీలకో, ఇంటి పనికో పోతున్నది అని తెలుస్తుంది. ఏప్రిల్‌లో తండ్రి జారితే జూన్‌లో పిల్లవాని పేరు పట్టీ నుంచి పోతుంది. నడుమ ఉన్నది ఈ ఏడు వారాల వేసవే. తండ్రి ఈ ఏడు వారాలు నిలబడితే పిల్లవాడు బడికి వస్తాడు. కనుక ఇది ఒక మనిషి సుఖం కోసం చెప్పే మాట కాదు. మన సంఘం ఏటా స్కాలర్‌షిప్పులు ఇస్తున్నది. పిల్లవాడు బడిలో ఉంటేనే గదా స్కాలర్‌షిప్పు!

సంఘానికి మా ప్రతిపాదనలు నాలుగు. ఒకటి, ఏప్రిల్ మొదటి వారం నుంచి జూన్ వరకు బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టండి. ముహర్రంలో సబీల్ పెట్టడం మనకు తెలిసిన పనే. దాని సాయంత్రపు వంతులో మానినవారికి చోటివ్వండి. ఎవరు మానినవారో, ఎవరు కాదో చెప్పవద్దు. అందరితోపాటు వారూ నీళ్ళు పోస్తారు. రెండు, అసర్ నుంచి ఇషా వరకు ఉర్దూ బడి ఆవరణలో వాలీబాల్, క్యారమ్ ఏర్పాటు చేయండి. మూడు, విజయవాడ ఆసుపత్రికి తోడుగా పోయి, నోరు విప్పకుండా తిరిగి రాగల ఇద్దరు పెద్దమనుషులను నియమించండి. ఒక్కడే పోవాలంటే ఎవరూ పోరు. నాలుగు, షాదీఖానా ఇచ్చేటప్పుడు, ఆవరణలో మద్యం రానీయమని పెండ్లివారి చేత సంతకం తీసుకోండి.

వీటికి అయ్యే ఖర్చు ఒక చిన్న దావత్ ఖర్చు కూడా కాదు. రంజాన్‌లో మనమందరం కలిసి ఒక మనిషిని ముప్పై రోజులు నిలబెట్టగలుగుతున్నాము. ఇంకొక డెబ్బై రోజులు ఆ చేయి వదలకుండా ఉంటే వర్షాలు పడతాయి, బళ్ళు తెరుస్తారు, పనులు మొదలవుతాయి. అప్పటికి అతని కాళ్ళకు కొంత బలం వస్తుంది.

ఈ సభలో మానినవారు ఎవరైనా ఉంటే, ఉన్నారని మా నమ్మకం, వారు చేయెత్తనక్కరలేదు. ఈ సాయంత్రం సభ ముగిశాక బయట షర్బత్ ఏర్పాటు ఉన్నది. తాగి, పక్కనున్నవారితో నాలుగు మాటలు మాట్లాడి, కలిసి ఇంటికి పొండి.

 అల్లాహ్ మనందరికీ సబర్‌నూ, ఒకరికొకరు తోడుండే బుద్ధినీ ప్రసాదించుగాక. సెలవు. ఖుదా హాఫిజ్.